వంగితే కనపడకూడదు

మా అత్తగారు అమెరికా వచ్చి, నయాగరా జలపాతం కంటే ముందు తుపాకుల కొట్టు చూసింది. ఆ కొట్టులో కౌంటర్ ముందు, అద్దాల బీరువాల మధ్య, నేను నేతచీర కట్టుకుని ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాను. ఒకసారి పెట్టి ఊరుకోలేదు, పెడుతూనే ఉన్నాను. వంగిన ప్రతిసారీ ఆవిడ పైనుంచి నా నడుము పరీక్షగా చూసి, "కనపడుతోందమ్మాయ్, ఇంకోటి తియ్యమను" అనేది. కొట్టు యజమాని మూతి మీద చెయ్యి వేసుకుని మమ్మల్ని చూస్తూ ఉండిపోయాడు. పక్కన నిలబడ్డ మా ఆయనైతే, మేం తనవాళ్లం కాదన్నట్టు గోడకు వేలాడే జింక తల వైపు తిరిగాడు.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. మా ఇల్లు వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో. అప్పటికి ఆ ఊరికి ఇంకా పొలాల వాసన పూర్తిగా పోలేదు. నేను డాక్టర్ని. ఇంటి నుంచి పడమరగా గంట ప్రయాణం చేస్తే కొండల దగ్గర చిన్న ఊరు, అందులో నా క్లినిక్. మరే డాక్టరూ అక్కడికి రానన్నాడు కాబట్టి నన్ను పిలిచారు, ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. చీర కట్టుకుని, పైన తెల్లకోటు వేసుకుని వెళ్లేదాన్ని. హాయిగా ప్యాంటు వేసుకోవచ్చు కదా అని స్నేహితురాళ్లు పోరేవాళ్లు. ఎవరైనా పోరితే ఆ పని అస్సలు చెయ్యని స్వభావం నాది. కాబట్టి చీరే.

ఆ వేసవి చివర ఒకావిడ మణికట్టు విరిగి వచ్చింది. మెట్ల మీంచి పడ్డానంది. పక్కనే నిలబడ్డ మొగుడు, అవును, పడింది అన్నాడు. విరిగిన తీరు చూస్తే మెలిపెట్టినట్టు ఉంది. జాకెట్టు చెయ్యి పైకి మడిస్తే పాత దెబ్బల రంగులు. ఎక్స్‌రే తియ్యాలని చెప్పి అతన్ని బయట కూర్చోబెట్టి, ఆమెను లోపల అడిగాను. ఆమె ఏడవలేదు. "ఇంటికి వెళ్లలేను" అంది, అంతే. నేను షెరీఫ్‌కు, అంటే ఆ ప్రాంతపు పోలీసు అధికారికి, ఫోన్ చేశాను. ఆ సాయంత్రమే ఆమె వేరే రాష్ట్రంలో ఉన్న అక్క దగ్గరికి చేరింది. అక్క ఇల్లు ఎక్కడో నాకు తెలుసు.

పదిరోజులు తిరగకుండానే ఆమె మొగుడు నా కారు దగ్గర నిలబడి కనిపించాడు. అరవలేదు, తిట్టలేదు. టోపీ కూడా తీశాడు. "అదెక్కడుందో నీకు తెలుసు. నువ్వు రోజూ ఒక్కదానివే ఈ కారెక్కుతావు" అని, నాకు దారిచ్చి తప్పుకున్నాడు. ఇంటికి వచ్చేదాకా బానే నడిపాను. గరాజ్‌లో ఆపాక, వెనక తలుపు పూర్తిగా మూసుకునేదాకా కారు దిగలేదు.

మా ఆయనకు చెప్పాను. ఆయన ఇంజనీరు. ఆయనకు అప్పటికే న్యూజెర్సీలో, పిస్కాటవేలో ఉద్యోగం ఇస్తామని ఒక కంపెనీ వెంటపడుతోంది.

"రిజైన్ చెయ్యి. రేపే చెప్పెయ్. పిస్కాటవేకి మూవ్ అయిపోదాం. అక్కడ మనవాళ్లున్నారు, హాస్పిటల్స్ ఉన్నాయి. ఈ అడవిలో నీకేంటి చెప్పు?" అన్నాడు.

"నేను వెళ్తే ఆ ఊరికి డాక్టరెవరు?"

"నువ్వు రాకముందు బతకలేదా వాళ్లు?"

కొందరు బతకలేదు. ఆ మాట అనబోయి ఆగాను, ఎందుకంటే ఆయన గొంతులో కోపం లేదు, భయమే ఉంది. నాకూ ఉంది. షెరీఫ్‌ను అడిగితే, గంట దూరపు రోడ్డు మీద రోజూ మనిషిని కాపలా పెట్టలేనని నిజాయితీగానే చెప్పాడు. ఒక చిన్న తుపాకీ కొని, ఒంటిమీద పైకి కనపడకుండా పెట్టుకోమన్నాడు. దానికి కోర్టు అనుమతి కావాలి, జడ్జి దగ్గర తాను మాట సాయం చేస్తానన్నాడు.

ఈ గొడవంతా జరుగుతుండగా ఇంట్లో మా అత్తగారు ఉంది. అప్పటికి ఆవిడ వచ్చి నెల కాలేదు. గుంటూరు దగ్గర పల్లెటూరు మనిషి, మామగారు పోయి చాలా కాలమైంది. వక్కపలుకు అలవాటు. విమానంలో పెట్టెలో వచ్చిన ఇనప అడకత్తెర ఇంట్లో అడుగుపెట్టిన గంటలోనే ఆవిడ రొంటిలోకి, నడుము దగ్గర చీర దోపుకునే మడతలోకి, చేరింది. తెచ్చుకున్న వక్కలు తొందరగానే అయిపోయాయి, హెర్న్‌డన్‌లో దొరకవు. అడకత్తెర మాత్రం రొంటిలోంచి దిగలేదు. అలవాటు ప్రాణం కదా అనుకున్నాను.

మా వాదన నడుస్తుంటే ఆవిడ సోఫాలో కూర్చుని చిక్కుళ్లు తుంచుతూ వింటోంది. కొడుకు వైపు మాట్లాడుతుందని నేను ముందే మనసులో కత్తులు నూరుకుంటున్నాను. ఆవిడ తలెత్తి నన్నే అడిగింది.

"ఆ పిల్ల ఎక్కడుందో వాడికి చెప్పావా?"

"లేదత్తయ్యా."

"మళ్లీ వచ్చి అడిగితే చెప్తావా?"

"చెప్పను."

"మరింకేం. ఆ షెరీఫు చెప్పిందేదో కొనుక్కుందాం పద." కొడుకు నోరు తెరిచేలోపు అటు తిరిగింది. "నీకంత భయంగా ఉంటే నువ్వెళ్లరా ఆ పిస్కా ఊరికి. మేమిద్దరం ఇక్కడుంటాం."

అత్తగారి మీద నాకు ప్రేమ ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే ఆ చిక్కుళ్ల రోజేనని చెప్తాను. అంతకుముందు ఉన్నది మర్యాద.

మా ఆయన కూడా చివరికి దిగొచ్చాడు. దిగొచ్చిన ఇంజనీరు ఊరికే ఉంటాడా? లైబ్రరీ నుంచి తుపాకుల పత్రికలన్నీ మోసుకొచ్చి, వారంలో పండితుడయ్యాడు. భోజనాల దగ్గర మాగజైన్ కెపాసిటీ గురించి, అంటే ఏ తుపాకీలో ఎన్ని గుళ్లు పడతాయో, ఉపన్యాసాలు. కొట్టుకు వెళ్లే సరికి ఆయన ఒకటి తేల్చేసుకున్నాడు: తొమ్మిది గుళ్లు పట్టే బల్లపరుపు ఆటోమేటిక్ పిస్తోలు.

కొట్టు యజమాని పెద్ద పొట్ట, చిన్న కళ్లద్దాల మనిషి. నా చీర చూసి నవ్వలేదు, అది నాకు నచ్చింది. "ఏం పని చేస్తారు, ఎలా కూర్చుంటారు, కారెలా ఎక్కుతారు?" అని అడిగాడు. "కోటు జేబులో పెట్టుకోవచ్చు కదా?" అన్నాడు. కోటు రోజుకు పదిసార్లు విప్పి కొక్కేనికి తగిలిస్తానని, ఆ గదిలో పిల్లలు తిరుగుతారని చెప్పాను. "అయితే వద్దు" అన్నాడు వెంటనే. "హ్యాండ్‌బ్యాగ్?" అన్నాడు. నేను తెలుగులో చెబితే మా అత్తగారు తల అడ్డంగా ఊపింది.

"సంచిని ఎవడైనా లాక్కుపోతాడు. రొంటిని లాక్కోలేడుగా. ఆడదాని వస్తువు ఒంటిమీదే ఉండాలి."

ఇది నేను యజమానికి ఇంగ్లీషులో చెప్పాను. అతను మొదటిసారి ఆవిడ వైపు శ్రద్ధగా చూశాడు. ఆ క్షణం నుంచి అమ్మకం వాళ్లిద్దరి మధ్యే జరిగింది, నేను దుబాసీని, వంగే బొమ్మను.

ముందు మా ఆయన ముచ్చటపడ్డ పిస్తోలు తీశారు. యజమాని అది ఖాళీ అని తాను చూసుకుని, నాకూ చూపించి, తోలు ఒరలో పెట్టి ఇచ్చాడు. నడుముకు దోపుకుని పమిట సర్దుకున్నాను. నిలబడితే బాగానే ఉంది. యజమాని చుట్టూ తిరిగి చూసి సరేనన్నాడు. మా అత్తగారు ఒప్పుకోలేదు.

"నిలబడితే ఏదైనా దాక్కుంటుంది. నువ్వు రోజంతా రోగుల మీదికి వంగేదానివి. ఏదీ, నాకు దణ్ణం పెట్టు."

వంగాను. పిడి చీరను గూడారంలా లేపింది. "కనపడుతోంది" అంది.

"అమ్మా, దాంట్లో తొమ్మిది రౌండ్స్ ఉంటాయి!" అన్నాడు మా ఆయన.

"తొమ్మిదిమంది వస్తున్నారేంట్రా?"

తర్వాత అరచేతిలో ఇమిడిపోయే బుల్లి పిస్తోలు తీశారు. అది వంగినా కనపడలేదు. అత్తగారు ముచ్చటపడింది. యజమాని ఒప్పుకోలేదు. "దీంతో కాలిస్తే అతనికి ముందు కోపం వస్తుంది, దెబ్బ తర్వాత తెలుస్తుంది" అన్నాడు. అది తెలుగులో చెబితే ఆవిడ అక్కడే నడుం పట్టుకుని నవ్వింది. దాన్ని పక్కన పెట్టించింది.

ఆపైన చిన్న రివాల్వర్లు. ఐదు గుళ్లవి, పొట్టి గొట్టంవి. ఇక్కడ ఆవిడ ఇంకో పరీక్ష పెట్టింది, అది అక్కడున్న మగవాళ్లెవరికీ తోచనిది. తన జరీ పమిట అంచు తీసి ఒక్కొక్క రివాల్వర్ వెనక భాగం మీద మెల్లగా లాగింది. గుండును కొట్టే సుత్తికి వెనక ఒక కొమ్ము ఉంటుంది, బొటనవేలితో లాగడానికి. జరీ దారం దానికి పట్టుకుంది. "ఇదిగో, చీరలోంచి తీసేటప్పుడు ఇక్కడ తగులుకుంటుంది. వాడు మీదికొస్తుంటే నువ్వు కొంగు విడిపించుకుంటూ నిలబడతావా?" అంది.

యజమాని ఆ పమిటను చూశాడు, రివాల్వర్‌ను చూశాడు, లోపలి గదిలోకి వెళ్లాడు. సుత్తి మొత్తం లోపలే దాగి, వీపు నున్నగా ఉన్న రివాల్వర్ ఒకటి తెచ్చాడు. తేలిక లోహం. "కాలిస్తే చెయ్యి బాగా అదురుతుంది, ఇష్టంగా కాల్చే తుపాకీ కాదు. మోయడానికి మాత్రం ఇంతకంటే మంచిది నా దగ్గర లేదు" అన్నాడు. జరీ అంచు దాని మీదుగా నీళ్లలా జారిపోయింది. అత్తగారు చేత్తో బరువు చూసింది. నడుముకు దోపుకుని మళ్లీ ఆవిడ కాళ్లకు వంగాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"కనపడటం లేదు. లే" అంది. తలమీద చెయ్యి వేసి, "దీర్ఘసుమంగళీభవ" అని కూడా అంది, కొట్టులోనే. అన్ని దణ్ణాలకూ కలిపి ఒకటే దీవెన.

కొన్నాం. జడ్జి అనుమతీ వచ్చింది. అక్కడితో అయిపోయిందనుకుని మొదటిరోజు దాన్ని చీర మడతలోనే దోపుకుని క్లినిక్‌కు బయలుదేరబోయాను. వంటింటి నుంచి కారు దాకా నడిచేసరికి దాని బరువుకు లంగా బొందు కిందికి జారి కుచ్చిళ్లన్నీ చేతిలోకి వచ్చాయి. ఆ అవతారం చూసి మా ఆయన నవ్వాపుకోలేక గరాజ్ తలుపు చాటుకు పోయాడు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అత్తగారు నన్ను లోపలికి తీసుకుపోయి తలుపేసింది. పాత పంచె చింపి, నాలుగు మడతలు వేసి, నాట్లకు వంగే ఆడవాళ్లు కట్టుకునే నడికట్టు లాంటిది కుట్టి పెట్టింది. తోలు ఒరను దానికే దబ్బనంతో గట్టిగా కుట్టింది. తుపాకీ పేల్చే మీట మీదికి వేలూ గుడ్డా పోకుండా తోలు పూర్తిగా కప్పి ఉండాలని యజమాని మరీ మరీ చెప్పాడు, ఆ మాట ఆవిడ నాకంటే బాగా గుర్తు పెట్టుకుంది. నడికట్టు లంగా మీద బిగించి, పైన చీర కడితే బరువంతా తుంటి ఎముక మీద కూర్చుంది. రాత్రి ఇంటికి రాగానే తుపాకీ తాళం పెట్టెలోకి, నడికట్టు ఉతుకు బుట్టలోకి.

కాల్చడం నేర్పే చోటికి కూడా ఆవిడ వచ్చింది. చెవుల్లో దూది, దూది మీద శాలువా. నేను మొదట్లో అట్టబొమ్మను వదిలి చుట్టూ ఉన్న ప్రపంచాన్నంతా కాల్చాను. ఇంటికొచ్చే దారిలో ఆవిడ, "కాల్చడం సరేనమ్మా. అది ఒంటిమీద ఉండగా మామూలుగా ఉండటం నేర్చుకో. చెయ్యి ఊరికే అటు పోనివ్వకు. తడుముకుంటే అందరికీ తెలిసిపోతుంది" అంది. ఇంట్లో కూర చేస్తుంటే నా చెయ్యి నడుం వైపు వెళ్తే గరిటెతో చిన్నగా కొట్టేది. ఇవన్నీ ఈవిడకెలా తెలుసని నేను అడగనే లేదు. తాళాల గుత్తి మోసిన అనుభవం అనుకున్నాను.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, నా కారు దగ్గర నిలబడ్డ ఆ మొగుడే క్లినిక్‌కు వచ్చాడు. ఎడమచేతికి తువ్వాలు చుట్టుకుని ఉంది, తువ్వాలంతా నెత్తురు. రంపం జారిందన్నాడు. మా నర్సు కొయ్యబారిపోయింది. షెరీఫ్‌కు ఫోన్ చెయ్యమని ఆమెకు మెల్లగా చెప్పి, అతన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టాను. అరచెయ్యి లోతుగా తెగింది. కడిగి, మత్తు సూది ఇచ్చి, కుట్లు మొదలుపెట్టాను. అతని రెండో చెయ్యి నా నడుముకు జానెడు దూరంలో, తన మోకాలి మీద ఉంది. నేను అతని మీదికి వంగి ఉన్నాను.

"అదెక్కడుంది?" అన్నాడు.

"చెప్పను. చెయ్యి కదపకండి."

నా కళ్లలోకి చూశాడు. నేనూ చూశాను, చూసి మళ్లీ సూది పట్టుకున్నాను. కుట్లు సమంగా పడ్డాయి, నా చెయ్యి వణకలేదు. నడుముకు ఆ బరువు లేకపోతే వణికేదా? నిజంగా తెలియదు. షెరీఫ్ మనిషి వచ్చేసరికి కట్టు కడుతున్నాను. అతను ఏ గొడవా చెయ్యకుండా లేచి వెళ్లాడు. కుట్లు విప్పించుకోవడానికి మా దగ్గరికి రాలేదు. ఆ వసంతంలో ఇల్లమ్ముకుని ఎటో పోయాడని ఊళ్లో చెప్పుకున్నారు.

ఆ సాయంత్రం వంటింట్లో, మా ఆయన ఇంకా ఆఫీసు నుంచి రాకముందు, అత్తగారికి అంతా చెప్పాను. "నా చెయ్యి ఒక్కసారి కూడా నడుం వైపు పోలేదత్తయ్యా" అన్నాను గర్వంగా, గరిటె దెబ్బలకు మెచ్చుకోలు ఆశిస్తూ.

"పోకూడదు. నా చెయ్యీ పోలేదు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ రొంటిలోంచి అడకత్తెర తీసి బల్ల మీద పెట్టింది. ఇనుము నల్లగా, పదునున్న అంచు మాత్రం తెల్లగా ఉంది.

"మీ మావయ్యది పాడు కోపం. తాగేవాడు కాడు, అయినా చెయ్యి లేచేది. అప్పటికి వీడింకా పుట్టలేదు. పుట్టింటికి పోతే రెండుసార్లు తెచ్చి దింపారు. మూడోసారి ఇంక పోలేదు. దీన్ని నూరించి రొంటిన దోపుకున్నా. వక్కలు కొత్తగా అలవాటు చేసుకున్నా, ఎవరూ అడక్కుండా. ఆయనకూ తెలీదు. నాకు తెలుసుగా. ఆ రోజు నుంచి తల దించలేదు. కళ్లలోకి చూసి మాట్లాడేదాన్ని. ఏమనుకున్నాడో ఏమో, చెయ్యి లేవడం మానుకున్నాడు. ఆయన పోయేదాకా ఒక్కసారి కూడా తీసే పని పడలేదు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆవిడకు రాలేదు.

"వాడికి వాళ్ల నాన్నంటే ఇష్టం. చెప్పకు" అంది. అడకత్తెర తీసి మళ్లీ రొంటిలో పెట్టుకుని, స్టవ్ మీద పప్పు చూడ్డానికి లేచింది.

ఆవిడ ఉన్నంతకాలం చెప్పలేదు. పోయాక, ఆవిడ వస్తువులు సర్దుతుంటే అడకత్తెర కనిపించినప్పుడు చెప్పాను. మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, పదునున్న అంచు వేలితో తడిమి చూశాడు. "వక్కలకనుకున్నాను" అన్నాడు, అంతే. ఇది రాయమన్నది కూడా ఆయనే.

పిస్కాటవే ఉద్యోగం ఆయనే వద్దనుకున్నాడు. ఎనభైలన్నీ నేను ఆ కొండల క్లినిక్‌లోనే పనిచేశాను. ఆ రివాల్వర్ అట్టబొమ్మను తప్ప దేన్నీ కాల్చలేదు. ఆ నడికట్టు చిరిగితే దాన్నే చూసి ఇంకోటి కుట్టుకున్నాను, ఆవిడ కుట్టినంత బాగా రాలేదు.

ఆవిడ మొదటిసారి వచ్చిన ఆ ఏడాదికే మళ్లీ వస్తే, మరుసటి వేసవి రాకముందే ఆవిడ తిరుగు ప్రయాణమైంది. ఆ ఉదయం నేను ఆవిడను దింపి అటునుంచి అటే క్లినిక్‌కు పోవాలి కాబట్టి అన్నీ కట్టుకునే ఉన్నాను. గుమ్మం దగ్గర ఆవిడ కాళ్లకు వంగాను. దీవెన రాలేదు. ముందు పరీక్ష అయింది.

"కనపడటం లేదు" అంది, నా తలమీద చెయ్యి వేసి.

లేవబోతుంటే నా కళ్లకు ఎదురుగా ఆవిడ నడుము. విమానం ఎక్కేముందు పెట్టెలోకి మారాలి గానీ, అడకత్తెర అప్పటికి ఇంకా రొంటిలోనే ఉందని నాకు తెలుసు. వెతికి చూశాను. చీర మడత నున్నగా ఉంది.

"మీదీ కనపడటం లేదత్తయ్యా" అన్నాను.

మా ఆయన రెండు చేతుల్లో రెండు పెట్టెలతో వెనక నిలబడి ఉన్నాడు. "ఏంటి కనపడంది?" అన్నాడు.

"ఏం లేదురా. పద, టైమవుతోంది" అంది వాళ్లమ్మ, నా తలమీద చెయ్యి అలాగే ఉంచి.